ప్రశ్న – జవాబు: ఏటి నీటిని కొలిస్తే

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గరి బడిలో ఏడో తరగతికి చెబుతున్నాను. చరిత్ర, భూగోళం, సైన్సు, పౌరశాస్త్రం కలిసొచ్చేలా ‘మన నది’ అని ప్రాజెక్టు ఇస్తే పిల్లలు నాలుగు చార్టులు అతికించి తెచ్చారు. ఒకదానికొకటి పొంతనే లేదు. ఏం చేయాలి?

జవాబు: టీచర్ గారూ, శీర్షిక ఇస్తే ఎవరి ముక్క వాళ్లు రాసుకొస్తారు. ఏ ఒక్క సబ్జెక్టుకూ లొంగని ప్రశ్న ఇవ్వండి: ‘మన ఊరి మహేంద్రతనయ ఏటిలో ఇప్పుడు ఎంత నీరు పారుతోంది? అది ఎవరికి చెందుతుంది?’

ముందు కొలత. డిసెంబరు, జనవరి నెలల్లో, మోకాలి లోతు దాటని చిన్న పాయ దగ్గరికి తీసుకెళ్లండి. గట్టు వెంట 10 మీటర్ల ఎడంతో, ఏటికి అడ్డంగా రెండు తాళ్లు కట్టించండి. సగం నీళ్లు పోసి మూత బిగించిన సీసాను మొదటి తాడుకు రెండు మూడు మీటర్ల ఎగువన వదలాలి. తాడు దగ్గరే వదిలితే అది ఏటి వేగం అందుకోకముందే లెక్క మొదలవుతుంది. ఖాళీ సీసా అయితే గాలికి కొట్టుకుపోతుంది. మొదటి తాడు నుంచి రెండో తాడుకు పట్టే సమయాన్ని మూడుసార్లు చూసి సగటు తీయండి. నాచులో చిక్కుకున్నది లెక్కలోకి రాదు. లోతు మీటరుకొకచోట కర్రతో కొలవాలి.

వెడల్పు 6 మీటర్లు, సగటు లోతు 0.4 మీటరు, సీసాకు 20 సెకన్లు పట్టిందనుకోండి. పైనీటి వేగం సెకనుకు 0.5 మీటరు. అడుగున రాళ్ల రాపిడికి నీరు నెమ్మదిస్తుంది కాబట్టి 0.85తో గుణించాలి (0.425 వస్తుంది), పిల్లలు ఎక్కువగా మరిచేది ఇదే. 6 × 0.4 × 0.425 అంటే సెకనుకు సుమారు ఒక ఘనపు మీటరు. ఈ ధార ఆగకుండా పారినా ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపు అడుగులు) కావడానికి దాదాపు 328 రోజులు పడుతుంది. పేపర్లో చదివే టీఎంసీ ఎంతో అప్పుడు తెలుస్తుంది.

ఇక పటం. మహేంద్రతనయ వంశధారలో కలుస్తుంది, వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1936 ఏప్రిల్ 1కి ముందు పర్లాకిమిడీ కళింగపట్నమూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావే. ఆ రోజు పర్లాకిమిడి ఒడిశాలో చేరింది, కళింగపట్నం మద్రాసులోనే ఉండిపోయింది. ఒకే జిల్లా ఏరు రెండు రాష్ట్రాల ఏరైంది. పౌరశాస్త్రానికి దారి ఇక్కడే ఉంది: రాష్ట్రాల మధ్య నదీ జల వివాదాల గురించిన రాజ్యాంగం 262వ అధికరణం, 1956 నాటి అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టం, నీటి తగవు తేల్చడానికి 2010లో వేసిన వంశధార ట్రిబ్యునల్, 2017లో అది ఇచ్చిన తీర్పు.

తరగతిలో వాదన పెడితే ఒడియా పిల్లలు ఒకవైపు, తెలుగు పిల్లలు ఒకవైపు చేరే ప్రమాదం ఉంది. దాన్ని మొదటే ఆపండి. చీట్లు తీసి ‘ఎగువ ఊరు’, ‘దిగువ ఊరు’ అని విడదీయండి, సగంలో పక్షాలు మార్చండి. వాళ్లు కొలిచిన అంకె బోర్డు మీదే ఉండాలి. మొత్తానికి ఆరు పీరియడ్లు కావాలి. కొలిచే రోజున రెండు పీరియడ్లు వరుసగా అడిగి పెట్టుకోండి.