మూతలు డిజైన్ చేస్తానంటున్నాడు మావాడు, ఏం చెయ్యమంటారు?

రాజోలు దగ్గర్నించి ఒక నాన్నగారు రాశారు. వాళ్ళకి ఊళ్ళో చిన్న కొబ్బరినూనె గానుగ ఉందట, నూనె ప్లాస్టిక్ సీసాల్లో పోసి చుట్టుపక్కల షాపులకి వేస్తారు. అబ్బాయి డిప్లొమా మెకానికల్ ఫైనల్ ఇయర్. ఈసెట్ రాసి బీటెక్‌లో చేరు, తర్వాత సాఫ్ట్‌వేర్ కోర్సేదో నేర్చుకుందువు గానీ అంటే, కాదు నొక్కితే నూనె పడే సీసాకి మూతలు డిజైన్ చేస్తా, అదే నా లైను అని కూర్చున్నాడంట. భీమవరంలో ఎవరిదగ్గరో ఒక మూత 3డి ప్రింట్ కూడా తీయించాడు, ఆ ఫోటోలు పంపారు. "మూతలు చేసుకుని బతుకుతాడాండి?" అని అడుగుతున్నారు.

బతుకుతాడండి. కాకపోతే ఆ ఫోటోలో గీసినట్టు గీస్తే మాత్రం కష్టం.

ముందు మీవాడి ఆలోచన గురించి. నూనె పోశాక చివరి చుక్క సీసా మీంచి కారి, అల్మారాలో గుండ్రంగా జిడ్డు మరక పడుతుంది చూశారా, అది ఆపాలని ముక్కు లోపల దారిని వంకర తిప్పాడు, మధ్యలో చిన్న గోళీ కూడా పెట్టాడు. ప్రాబ్లం కరెక్ట్‌గానే పట్టుకున్నాడు, నాకు నచ్చింది. కానీ ఆ మూతని మోల్డ్‌లో, అంటే కరిగిన ప్లాస్టిక్ పోసే లోహపు అచ్చులో, పోస్తే బయటికి రాదండి. మీవైపు వాళ్ళకి పొట్టిక్కలు తెలుసు కదా, పనసాకు బుట్టలో పిండి పోసి ఉడికించి, తినేటప్పుడు ఆకు చింపేస్తాం. ఆ బుట్ట ఎలా ఉన్నా పర్లేదు, ఎలాగూ చింపేదే. 3డి ప్రింట్ అలాంటిది, ఏ వంకరైనా వచ్చేస్తుంది. కంపెనీలో మోల్డ్ అంటే ఇడ్లీ రేకు. రోజుకి వేల వాయిలు తియ్యాలి, రేకు చింపలేం, అందుకే గుంట పైకి వెడల్పుగా అంచులు వాలుగా ఉంటాయి, స్పూన్ పెడితే ఇడ్లీ లేచొచ్చేస్తుంది. ఆ వాలునే మోల్డ్ వాళ్ళు డ్రాఫ్ట్ అంటారు, ఒక డిగ్రీ ఇచ్చినా మూత బతికిపోతుంది.

నేను ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో, అంటే మోల్డ్‌లు తయారుచేసే చోట, చేశాను లెండి. మా డిజైనర్ ఒకాయన డ్రాఫ్ట్ ఇవ్వకుండా నిలువుగా గీసేశాడు, చెక్ చెయ్యాల్సిన నేనూ సంతకం పెట్టేశా. ట్రయల్ రోజున మూతలన్నీ కోర్‌కి, అంటే మూత లోపలి ఆకారం ఇచ్చే దిమ్మకి, అతుక్కుని, వాటిని బయటికి నెట్టే ఎజెక్టర్ పిన్నులు పొడిస్తే నెత్తిన చిల్లులు పడి వచ్చాయి. ఆ రోజు మేస్త్రి అన్న మాటలు ఇక్కడ రాయలేను.

ఇప్పుడు మీవాడిని ఒక పని చెయ్యమనండి. ఇంట్లో షాంపూదో, సాస్‌దో, తేనెదో, బొటనవేలితో పైకెత్తి తెరిచే ఫ్లిప్ టాప్ మూతలు నాలుగు తీసుకుని హ్యాక్సా బ్లేడుతో నిలువుగా కొయ్యమనండి. ప్లాస్టిక్ లోపలికి ఎక్కిన చోట చిన్న చుక్క ఉంటుంది, అది గేట్. మోల్డ్ రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది. మూతకీ కిందభాగానికీ మధ్య కాగితంలా పల్చటి మడత ఉంటుంది, దాదాపు 0.3 మి.మీ., అదే లివింగ్ హింజ్. పాలీప్రొపిలిన్‌తో చేస్తే అది వేలసార్లు మడిచినా తెగదు. గేట్ సరైన చోట పెట్టకపోతే రెండు వైపుల నుంచి వచ్చిన ప్లాస్టిక్ ఆ మడత మీదే కలుస్తుంది, అప్పుడు వారంలో తెగిపోతుంది.

అసలు కిటుకు ఇంకోటుంది. ఆ మూతని మూసినట్టు పొయ్యరు, పుస్తకం తెరిచిపెట్టినట్టు బార్లా తెరిచి పోస్తారు. అప్పుడు పైమూతలో ఉండే బొడిపె, కింద ఉండే చిల్లు, మర అన్నీ మోల్డ్ తెరుచుకునే దారిలోనే ఉంటాయి, మోల్డ్ నేరుగా తెరుచుకుంటే చాలు, పక్కకి జరిగే ముక్కలు, అంటే స్లైడ్లు, లాగక్కర్లేదు. చిల్లు ఎలా వస్తుందంటే పై నుంచి ఒక పిన్ను, కింద నుంచి కోరు వచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి, ఆనుకున్న చోటికి ప్లాస్టిక్ పోదు, అదే చిల్లు. లోపలి మర కూడా లోతు తక్కువగా, అంచులు గుండ్రంగా గీస్తే మెత్తగా ఉన్నప్పుడే కోర్ మీంచి లాగెయ్యొచ్చు, తిప్పి ఊడదీసే మోటార్లు, గేర్లు అక్కర్లేదు. అవి తగ్గితే మోల్డ్ ఖర్చు ఎంత తగ్గుతుందో మీరే ఊహించుకోండి.

మందం కూడా చూడాలి. గోడ రెట్టింపు మందం చేస్తే చల్లారడానికి పట్టే టైం రెట్టింపు కాదు, సుమారు నాలుగింతలు. ఒక వాయికి 16 మూతలు, 12 సెకన్లు అనుకోండి, గంటకి 4,800. గోడ సన్నం చేసి ఒక్క సెకను తగ్గిస్తే 400 పైచిలుకు ఎక్కువొస్తాయి. ఇక పాలీప్రొపిలిన్ చల్లారాక సుమారు ఒకటిన్నర శాతం ముడుచుకుంటుంది, 28 మి.మీ. మూతలో అది 0.4 మి.మీ. పైనే, లెక్కలో తీసుకోకపోతే మూత సీసాకి ఎక్కదు.

మీ నూనెకి ఇంకో గొడవ ఉంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. 24 డిగ్రీల కింద కొబ్బరినూనె పేరుకుంటుంది, పుష్యమాసం పొద్దున్న ఎంత నొక్కినా సన్న చిల్లులోంచి రాదు. వెడల్పు చేస్తే ఎండాకాలం ధారగా కారుతుంది. అందుకని చిల్లు పిన్నుని మోల్డ్‌లో విడిగా, ఊడదీసి మార్చుకునేలా పెట్టమనండి, ఒకే మోల్డ్‌తో రెండు సైజులు తీసుకోవచ్చు. ఇక మరక సంగతి, దానికి వంకర దారి అక్కర్లేదు. ముక్కు అంచు పదునుగా ఉంటే చుక్క తెగుతుంది, సీసా వదలగానే తిరిగి ఉబ్బి మిగిలిన నూనెని లోపలికి లాక్కుంటుంది. సాస్ సీసాల్లో ఉండే కోత పెట్టిన సిలికాన్ వాల్వ్ ఇంకా బాగా ఆపుతుంది కానీ ఖర్చు, పైగా రీసైక్లింగ్‌లో నీళ్ళలో వేస్తే పాలీప్రొపిలిన్ తేలుతుంది, సిలికాన్ మాత్రం పెట్ (PET) ప్లాస్టిక్ సీసా ముక్కలతో పాటు మునిగి దాన్ని పాడుచేస్తుంది. దీనిమీద ఇప్పుడు కంపెనీలన్నీ తలపట్టుకుంటున్నాయి. యూరప్‌లో అయితే 2024 జులై నుంచి డ్రింకుల ప్లాస్టిక్ సీసాలకి మూత ఊడిపోకుండా అంటుకునే ఉండాలని రూలు, దాంతో పాత మూతలన్నీ మళ్ళీ గియ్యాల్సొచ్చింది. పని లేదనే భయం పెట్టుకోకండి.

చదువు సంగతి. డిప్లొమా అయ్యాక సీపెట్ (CIPET) అనే కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ సంస్థలో ప్లాస్టిక్ మోల్డ్ డిజైన్ పోస్ట్ డిప్లొమా ఉంది, ఏడాదిన్నర, దాని ఎంట్రన్స్ వేరే. విజయవాడ సెంటర్ గన్నవరం దగ్గర సూరంపల్లిలో ఉంది, మీకు దగ్గరే. హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, టూల్ డిజైన్‌కి 1968 నుంచి ఉన్న సంస్థ. నన్నడిగితే ఇంటికి దగ్గరని కాదు గానీ ముందు సూరంపల్లే. మొదటి రెండేళ్ళు కంప్యూటర్ ముందు కాకుండా షాప్ ఫ్లోర్‌లో మెషిన్ దగ్గర నిలబడే ఉద్యోగం చూసుకోమనండి, జీతం తక్కువే ఉంటుంది, చేతులకి గ్రీజు అంటుతుంది, మీ ఇంట్లో ఆడవాళ్ళు "ఇందుకా చదివించింది" అంటారు, అననివ్వండి. ఊళ్ళోనే ఉండి చేసే ఉద్యోగం కూడా కాదిది, హైదరాబాదో చెన్నైయో పుణేయో డామన్‌కో వెళ్ళాలి, అది వాడికి ఇప్పుడే చెప్పండి.

ఈసెట్ ఫారం మాత్రం నింపించండి, రాస్తే పోయేదేం లేదు, మెకానికల్‌లో మంచి కాలేజీ వస్తే బీటెక్ అయ్యాక కూడా ఈ లైనులోకి రావచ్చు. సాఫ్ట్‌వేర్ కోసమే బీటెక్ అంటే మటుకు వాడిని ఇబ్బంది పెట్టకండి.

కోసిన మూతలు తెల్ల కాగితం మీద పెట్టి, గేట్ ఎక్కడుందో పెన్నుతో బాణం గీసి ఫోటో పంపమనండి. తేనె సీసాది తప్పకుండా ఉండాలి.