నోటరీ కాగితం మీద ‘నెట్ లీజు’: తిరుపతిలో దుకాణం కొనవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. ఎక్స్‌ప్రెస్‌వే కింద పోయిన భూమికి వచ్చిన పరిహారం, నా రిటైర్మెంటు డబ్బు కలిపి, తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులోని ఒక కాంప్లెక్సులో గ్రౌండ్ ఫ్లోరు దుకాణం 1 కోటి 20 లక్షలకు కొనాలనుకుంటున్నాను. రెండున్నరేళ్లుగా అందులో పేరున్న మందుల షాపు నడుస్తోంది. నెలకు 75 వేలు బాడుగ, మూడేళ్లకోసారి 15 శాతం పెంపు, తొమ్మిదేళ్ల గడువు, మొదటి ఐదేళ్లు ఖాళీ చేయకూడదన్న షరతు ఉన్నాయి. అగ్రిమెంటును వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించారు. ‘ఇది నెట్ లీజు, పన్నులు, ఇన్సూరెన్సు, రిపేర్లు అన్నీ వాళ్లే చూసుకుంటారు, నెల నెలా మీ ఖాతాలో బాడుగ పడుతుంది’ అని బ్రోకరు చెబుతున్నారు. ధైర్యంగా కొనవచ్చా?

జవాబు: ఇప్పుడున్న కాగితాన్ని నమ్ముకుని కొనవద్దు. ఆస్తి మంచిదే కావచ్చు, అద్దెదారు కూడా మంచివారే కావచ్చు. కానీ మీరు ఇస్తున్న ధరలో పెద్ద భాగం గోడలకు కాదు, రాబోయే ఆరున్నరేళ్ల అద్దెకు ఇస్తున్నారు. ఆ అద్దెకు పునాదిగా చూపిస్తున్న పత్రం మాత్రం కోర్టులో నిలిచేది కాదు.

ముందుగా ‘నెట్ లీజు’ అన్న మాట సంగతి చూద్దాం. ఇది అమెరికా వాణిజ్య భవనాల వ్యాపారంలో పుట్టిన పదం. అక్కడ ఆస్తి పన్ను ఒక్కటే అద్దెదారు భరిస్తే ఒక పేరు, పన్నుతో పాటు బీమా కూడా భరిస్తే మరొక పేరు, మరమ్మతులు కూడా కలిస్తే ‘ట్రిపుల్ నెట్’ అనే పేరు వాడుకలో ఉన్నాయి. మన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో అటువంటి వర్గీకరణ ఏదీ లేదు. కాబట్టి బ్రోకరు నోట ఆ మాట ఎన్నిసార్లు వచ్చినా, ఏ ఖర్చు ఎవరిది అన్నది దస్తావేజులోని వాక్యాలను బట్టే తేలుతుంది, దస్తావేజు మౌనంగా ఉన్నచోట చట్టం చెప్పినట్లు నడుస్తుంది.

ఇక అసలు చిక్కు. ఏడాదికి మించిన కాలానికి ఇచ్చే లీజును రిజిస్టరు చేసిన దస్తావేజు ద్వారానే ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్, అటువంటి లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతున్నాయి. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. రిజిస్టరు కాని అటువంటి పత్రంలోని షరతులను రుజువుగా చూపలేమని అదే చట్టం 49వ సెక్షన్ అంటోంది. అద్దెదారు స్వాధీనంలో ఉండి అద్దె కడుతున్నందువల్ల అద్దె సంబంధం ఉన్న మాట నిజమే గానీ, అది నెలవారీ అద్దెగా మాత్రమే మిగులుతుందని సుప్రీంకోర్టు 2000లో ఆంథోనీ వర్సెస్ ఇట్టూప్ కేసులో తేల్చింది. నెలవారీ అద్దెను ఇరుపక్షాలలో ఎవరైనా ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. అంటే తొమ్మిదేళ్ల గడువు, ఐదేళ్ల కట్టుబాటు, 15 శాతం పెంపు, ‘ఖర్చులన్నీ మావే’ అన్న హామీ, వీటిలో ఏ ఒక్కటీ తగాదా వచ్చిన రోజున మీ చేతిలో ఆయుధంగా ఉండదు.

‘ఆ కాగితాన్నే ఇప్పుడు రిజిస్టరు చేయిస్తాం’ అని అమ్మేవారు అనవచ్చు, అదీ కుదరదు. సంతకాలైన నాలుగు నెలల్లోపు దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు సమర్పించాలి, తగిన కారణం చూపి జరిమానా కడితే మరో నాలుగు నెలలు అవకాశం ఉంటుంది. రెండున్నరేళ్ల నాటి పత్రానికి ఆ గడువు ఎప్పుడో దాటింది. కనుక మిగిలిన కాలానికి కొత్త లీజు దస్తావేజు రాయించి, స్టాంపు రుసుము కట్టి, రిజిస్టరు చేయించడమే దారి. అద్దెదారు మోసే పన్నుల భారాన్ని కూడా అద్దెలో భాగంగా లెక్కించి రుసుము అడిగే అవకాశం ఉంది కాబట్టి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ముందే లెక్క వేయించుకోండి. ఆ ఖర్చు ఎవరు భరించినా, ఈ రిజిస్ట్రేషన్ మీ క్రయ దస్తావేజు కంటే ముందో, అదే రోజునో జరగాలి. అది పూర్తయ్యే వరకు మిగిలిన సొమ్ము చెల్లించనవసరం లేదనీ, అద్దెదారు సంతకానికి నిరాకరిస్తే మీ బయానా వాపసు ఇవ్వాలనీ క్రయ ఒప్పందంలో స్పష్టంగా రాయించండి. నిజంగా తొమ్మిదేళ్లు ఉండదలచిన అద్దెదారు ఈ సంతకానికి వెనుకాడరు. వెనుకాడితే ఆ సంగతి మీకు డబ్బు కట్టకముందే తెలియడం మేలు.

కొత్త దస్తావేజు రాసేటప్పుడు అద్దెదారుగా ఎవరి పేరు ఉందో మొదట చూడండి. బోర్డు మీద కనిపించే పేరు, దస్తావేజులో సంతకం చేసే పేరు ఒకటే కానవసరం లేదు. చాలా దుకాణాలను ఆ పేరు వాడుకునే హక్కు తీసుకున్న స్థానిక వ్యాపారి నడుపుతుంటారు. అప్పుడు అద్దెకు జవాబుదారీ ఆ వ్యక్తే గానీ పెద్ద సంస్థ కాదు. ఆయన వ్యాపారం దెబ్బతింటే సంస్థను నిలదీసే హక్కు మీకుండదు. ఒకవేళ కంపెనీయే అద్దెదారు అయితే సంతకం చేసే ఉద్యోగికి బోర్డు తీర్మానం ద్వారా అధికారం ఉందో లేదో చూసి, ఆ తీర్మానం నకలును దస్తావేజుకు జతచేయించండి.

ఖర్చుల విషయంలో ‘అన్ని ఖర్చులు అద్దెదారువే’ అన్న ఒక్క ముక్క చాలదు. ఆస్తి పన్నునే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో 2021 ఏప్రిల్ నుంచి పన్నును అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు, పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదన్న పరిమితితో అది మెట్టు మెట్టుగా పెరుగుతూ వచ్చింది. మీ అద్దె మాత్రం మూడేళ్లకు ఒకసారి 15 శాతం పెరుగుతుంది. కాబట్టి నేటి పన్ను ఎవరిది అన్నదానితో పాటు రేపటి పెంపు ఎవరిది అన్నది కూడా రాయాలి. అద్దెదారు కడతానని ఒప్పుకున్నా, కట్టకపోతే నగరపాలక సంస్థ నోటీసు వచ్చేది యజమానికే, బకాయి అంటుకుని ఉండేది భవనానికే. అందువల్ల ప్రతి అర్ధ సంవత్సరం రసీదు నకలు మీకు ఇవ్వాలనీ, ఇవ్వకపోతే మీరు కట్టి వడ్డీతో రాబట్టుకోవచ్చనీ షరతు పెట్టండి.

మరమ్మతుల దగ్గరే ఎక్కువ తగాదాలు వస్తాయి. వేరే ఒప్పందం లేనప్పుడు, వాడకం వల్ల కలిగే సహజమైన అరుగుదల మినహా, తీసుకున్న స్థితిలోనే దుకాణాన్ని ఉంచవలసిన బాధ్యత ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారుదే. అయితే స్లాబు, స్తంభాలు, పునాది, డ్రైనేజీ వంటి నిర్మాణపరమైన పనులను ‘రిపేర్లు’ అన్న మాట కిందకు తెచ్చి అద్దెదారు చేత చేయించడం కష్టం. వాటిని విడిగా పేర్కొనండి. అద్దెదారు ఒప్పుకోకపోతే అవి మీ ఖర్చుగా ఒప్పుకుని, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. కాంప్లెక్సు ఉమ్మడి నిర్వహణ ఖర్చులలో మీ దుకాణం వాటా ఎంతో కూడా తేల్చాలి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు, సెల్లార్లు నీట మునిగిన సంగతి ఇక్కడివారెవరూ మరచిపోలేదు. అగ్ని, తుపాను, వరద వల్ల ఆస్తి శాశ్వతంగా పనికిరాకుండా పోతే లీజు రద్దు చేసుకునే హక్కు, వేరే ఒప్పందం లేనంతవరకు, అద్దెదారుకు ఉందని అదే 108వ సెక్షన్ చెబుతోంది. ‘ఖాతాలో బాడుగ పడుతుంది’ అన్న మాట ఆ రోజున ఆగిపోతుంది. అందువల్ల ప్రీమియం అద్దెదారు కట్టినా పాలసీ మీ పేరున ఉండాలి, వరద నష్టం, అద్దె నష్టం రెండూ అందులో చేరి ఉండాలి.

ఐదేళ్లలోపు ఖాళీ చేయకూడదన్న షరతు రిజిస్టరు దస్తావేజులో ఉంటే విలువైనదే. అయినా మధ్యలో వెళ్లిపోయిన అద్దెదారు మిగిలిన నెలల అద్దె మొత్తం ఇచ్చి తీరాలని అనుకోకండి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది, మీరు వేరే అద్దెదారుని వెదికే ప్రయత్నం చేశారా అని కూడా చూస్తుంది.

రాబడి లెక్క కూడా ఒకసారి వేయండి. ఏడాది అద్దె 9 లక్షలు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం చొప్పున 1 కోటి 20 లక్షలకు అయ్యేది కూడా సరిగ్గా 9 లక్షలే, అంటే మొదటి ఏడాది అద్దె అంతా అక్కడికే చెల్లు. అద్దె నెలకు 50 వేలు దాటింది కనుక అద్దెదారు కంపెనీ అయితే 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి 67,500 మీకు ఇస్తారు, మిగతాది మీ రిటర్నులో సర్దుబాటు అవుతుంది. ఆదాయపు పన్నులో మున్సిపల్ పన్ను మినహాయింపు యజమాని స్వయంగా కడితేనే వస్తుంది, అద్దెదారు కడితే రాదు. 30 శాతం ప్రామాణిక మినహాయింపు మాత్రం ఎలాగూ ఉంటుంది. మీరు జీఎస్టీలో నమోదు కాకపోతే, 2024 అక్టోబరు 10 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం నమోదైన అద్దెదారే అద్దె మీద 18 శాతం పన్నును నేరుగా కట్టాలి. ఇతర అద్దెలు కూడా కలిసి మీ ఏడాది రాబడి 20 లక్షలు దాటితే మీరే నమోదు కావలసి రావచ్చు. కొనేటప్పుడు ధర 50 లక్షలకు మించినందున 1 శాతం, అంటే 1 లక్ష 20 వేలు, మినహాయించి ప్రభుత్వానికి కట్టవలసినది మీరేనని మరువకండి.

హక్కుల పరిశీలనలో తిరుపతికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. నగరం చుట్టూ దేవస్థానాలకు, హథీరాంజీ మఠానికి చెందిన భూములు ఉన్నాయి. దేవాదాయ భూమిని అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం 1987 నాటి దేవాదాయ చట్టం కింద చెల్లదు, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉన్న భూమికి రిజిస్ట్రేషనే జరగదు. కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు, సర్వే నంబరు ఆ జాబితాలో లేదన్న నిర్ధారణ, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడకుండా బయానా ఇవ్వవద్దు. దుకాణం ప్లానులో పార్కింగుగా చూపిన చోట కట్టినదైతే ఎంత మంచి అద్దె వచ్చినా వదిలేయండి.

చివరగా అడ్వాన్సు, బకాయిల సంగతి. అద్దెదారు ఇచ్చిన అడ్వాన్సు పాత యజమాని దగ్గరే ఉంటుంది గానీ, ఖాళీ చేసే రోజున వారు అడిగేది మిమ్మల్ని. ఆ మొత్తాన్ని క్రయధరలో తగ్గించుకుని, ఆ సంగతి క్రయ దస్తావేజులో రాయించండి. విద్యుత్ బకాయిలు లేవన్న రుజువు తీసుకోండి, ఎందుకంటే పాత బకాయి కడితేనే కనెక్షన్ ఇస్తామనే నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు 2023లో కె.సి. నినాన్ కేసులో చెప్పింది. ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం కొన్న నాటి నుంచి యజమాని హక్కులు మీకు వస్తాయి గానీ అంతకు ముందటి అద్దె బకాయిలు రావు, పైగా అమ్మకం సంగతి తెలియక అద్దెదారు పాత యజమానికి కట్టిన అద్దెను మీరు మళ్లీ అడగలేరు. కనుక రిజిస్ట్రేషన్ జరిగిన రోజే అద్దెదారుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఇకపై అద్దె మీకే చెల్లిస్తామనీ, అడ్వాన్సు ఇంత ఉందనీ, బకాయిలు లేవనీ వారి చేత రాతపూర్వకంగా తీసుకోండి.