తవిటినాయుడు అంటే తవుడేనా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. మా తాతగారి పేరు తవిటినాయుడు. నెల కిందట మాకు బాబు పుట్టాడు. వాడికి ఆ పేరు కలిసొచ్చేలా పెట్టాలని నాన్నగారి పట్టు. ఇంట్లో కుర్రాళ్లేమో 'గొడ్ల మేత పేరా' అని నవ్వుతున్నారు. దీని అర్థం ఏమిటి? ఏ అమ్మవారి పేరైనానా?

జవాబు: కుర్రాళ్లు నవ్వితే నవ్వారు గానీ మాటను సరిగ్గానే పట్టుకున్నారు. అది తవుడే. ఏరు 'ఏటి', గూడు 'గూటి' అయినట్టు తవుడు 'తవిటి' అవుతుంది. దానికి నాయుడు, అయ్య, అమ్మ చేరితే తవిటినాయుడు, తవిటయ్య, తవిటమ్మ. ఏమీ చేర్చకుండా ఒట్టి 'తవుడు' అనే పేరు కూడా ఉత్తరాంధ్రలో ఉంది. పాత కాగితాల్లో 'తౌడు' అని కనబడితే అదీ ఇదే.

పుట్టిన పిల్లలు వరసగా దక్కకుండా పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను ఉత్తుత్తిగా అమ్మేసేవారు. బిడ్డను చేటలో పడుకోబెట్టి మంత్రసానికో, పిల్లలు నిలిచిన పొరుగింటి ఇల్లాలికో ఇస్తారు. ఆవిడ కాస్త తవుడు పోసి కొనుక్కుంటుంది. ఆపైన 'నా బిడ్డే, నువ్వు పెంచు' అని తల్లికే అప్పగిస్తుంది. ఎవరు కొనాలి, ఎంత పోయాలి అన్నది ఊరిని బట్టీ ఇంటిని బట్టీ మారుతుంది. మారనివి రెండు: బిడ్డ ఆ తల్లిది కాకుండా పోవాలి, ధర హీనంగా ఉండాలి. వడ్లు దంచితే బియ్యం అన్నానికి, నూకలు జావకు, తవుడు కుడితిలోకి. తవుడుకు కొన్న బిడ్డ మీద దిష్టి పడదని, మృత్యువు కన్నెత్తి చూడదని నమ్మకం. పేరు చవకగా వినబడటం అందుకే. వినసొంపుగా ఉంటే దాని పని చెడినట్టే!

పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకున్న పెంటయ్య, బిచ్చమెత్తి సాకిన భిక్షమయ్య ఈ కోవలోని వాళ్లే. పుల్లాకులో, అంటే ఎంగిలి విస్తరిలో, దొర్లించిన బిడ్డకు పుల్లయ్య అని పెట్టేవారు. అయితే గోధుమవన్నె పశువును పుల్ల ఎద్దు, పుల్లావు అంటాం కాబట్టి, ప్రతి పుల్లయ్యకూ విస్తరి కథే అంటగట్టలేం.

ఆచారం మన ఒక్కరిదే కాదు. బెంగాల్ విప్లవవీరుడు ఖుదీరామ్ బోస్ (1889–1908) పేరు చూడండి. ఇద్దరు కొడుకులు పోయాక పుట్టిన అతన్ని అక్క అపరూపాదేవి మూడు గుప్పిళ్ల 'ఖుద్' ఇచ్చి కొన్నది. ఖుద్ అంటే నూకలు.

అమ్మవారి సంగతి: తవిటినాయుడులో ఏ దేవతా లేదు. పైడినాయుడులో పైడితల్లి ఉంది, అప్పలనాయుడులో సింహాచలం అప్పన్న ఉన్నాడు. నూకరాజు పేరు అనకాపల్లి నూకాలమ్మది, ఖుదీరామ్‌ను చూసి దాన్ని నూకల్లో కలపకండి.

ప్రశ్న: అయితే మా తాతను నిజంగా అలా కొన్నారా?

జవాబు: పేరొక్కటే చూసి చెప్పలేం. ఇంటి పెద్దవాళ్లను మూడు సంగతులు అడగండి. ఆయనకు ముందు పుట్టి పోయినవాళ్లున్నారా? తోబుట్టువుల్లో పెంటయ్య, తవిటమ్మ లాంటి పేర్లున్నాయా? ఆయన తాతకో ముత్తాతకో ఇదే పేరుందా? మూడోదానికి జవాబు 'ఉంది' అయితే మీ తాతగారిది చాలామటుకు పెద్దల పేరు పెట్టుకోవడమే. తవుడు కథ ఆ మొదటివాడిది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

ప్రశ్న: జనన ధ్రువపత్రంలో ఎలా రాయించాలి?

జవాబు: కంగారుపడకండి. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి గానీ పేరు అప్పుడే ఇవ్వక్కర్లేదు. నమోదైన 12 నెలల్లోపు రుసుము లేకుండా, ఆపైన 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. ఒకసారి ఎక్కిన పేరును మార్చడం మాత్రం పెద్ద తతంగం. అందుకే ఇంట్లో తేల్చుకున్నాకే వెళ్లండి.

వాడుక పేరు ముందుంచి, తవిటినాయుడును రెండో పేరుగా పెట్టడం మాకు నచ్చిన దారి. 'త'తో మొదలయ్యే కొత్త పేరేదో పెట్టి తాత పేరు నిలబెట్టామనుకుంటే మిగిలేది ఒక్క అక్షరమే. తవిటినాయుడును కలిపి ఒకే మాటగా రాయించండి. మధ్యలో ఖాళీ వదిలితే ఆన్‌లైన్ దరఖాస్తుల్లో 'నాయుడు' ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు ఇంటిపేరు ఎగిరిపోతుంది. ఇంగ్లిషులో 'త'కు 'టిహెచ్', 'ట'కు ఒట్టి 'టి' వేయించండి. రెంటికీ 'టి' వేస్తే బడిలో 'టవిటి' అని పిలుస్తారు. తాతగారి పట్టాదారు పుస్తకంలో స్పెల్లింగు వేరుగా ఉన్నా పిల్లవాడి పత్రం దానితో కలవాల్సిన పనిలేదు. పిల్లవాడి ఆధార్, బడి రికార్డు మాత్రం ఈ పత్రంతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.