నాలుగడుగుల బల్ల మీద నౌపడ బండి

విశాఖపట్నం

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మ రైలు ప్లాను చూశాను. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్, దాని మీద మూడు స్టేషన్లు, ఒక వంతెన, ఒక కొండ, అడ్డదిడ్డంగా తిరిగే పట్టాలు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపూర్ దాకా ఒకప్పుడు ఉన్న 90 కిలోమీటర్ల నేరోగేజ్ (ఇరుకు పట్టాల) లైనంతా మీ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లో దించేద్దామనుకున్నావు. ఒరేయ్, పర్లాకిమిడి రాజులకే ఆ లైను పూర్తవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1900లో పర్లాకిమిడి దాకా వేశారు, గుణుపూర్ చేరేసరికి 1931 వచ్చింది. వాళ్ల చేతిలో సంస్థానం ఉంది. నీ చేతిలో ఉన్నది ఆదివారాలు, అవి కూడా సగం సగమే.

నవ్వుతున్నాననుకోకు. రిటైరైన కొత్తలో నేనూ సరిగ్గా ఇదే పని చేశాను. పెద్ద షీటు కొని ఇంటికి తెస్తే మెట్ల మలుపు దగ్గరే ఇరుక్కుంది. వీధిలోనే కోయించి రెండు ముక్కలుగా పైకి ఎక్కించాం. గదిలో పరిచాక తెలిసిందేమిటంటే, గోడ పక్కన బండి పట్టాలు తప్పితే నా చెయ్యి అందదు. బల్ల మీద బోర్లా పడుకుని తియ్యాలి. అలా పడుకున్నప్పుడల్లా రెండు ఇళ్లు, ఒక సిగ్నలు నా పొట్ట కింద నలిగిపోయేవి. ఏడాది తిరక్కుండానే దాని మీద బట్టల మూటలు, దీపావళి సామాన్లు చేరాయి. తర్వాత అటక ఎక్కింది. మళ్లీ దించేసరికి సముద్రపు తేమకు కమాను లాగా వంగి ఉంది.

ఇప్పుడు నా దగ్గర నడుస్తున్నది నాలుగడుగుల పొడవు, ఇరవై రెండు అంగుళాల వెడల్పు బల్ల. ఒకటే స్టేషను. దాన్ని పదిహేనేళ్లుగా నడుపుతున్నాను, ఇంకా విసుగు రాలేదు. అందుకే చెబుతున్నాను, మూడు స్టేషన్లలో రెండు కొట్టెయ్యి. కాలేజీ రోజుల్లో మీ అమ్మ, నేను పాతపట్నంలో దిగేవాళ్లమని నీకు తెలుసుగా, నీకిష్టమైతే ఆ ఒక్కటీ ఉంచుకో. బ్రాడ్‌గేజ్ బొమ్మ రైలు పెట్టాలంటే హాలంతా కావాలి, కానీ మన చిన్న బండి తొమ్మిది అంగుళాల రేడియస్‌లో తిరిగిపోతుంది. ఇంజన్ కాస్త పొడుగైతే పది పెట్టుకో. అంటే ఇరవై రెండు అంగుళాల వెడల్పులో గుండ్రంగా తిరిగే దారి పడుతుంది, అంచుకు చోటు కూడా మిగులుతుంది. పని అయిపోయాక బల్లను గోడకు నిలబెట్టుకోవచ్చు. ఇంట్లో గొడవ ఉండదు.

ఇక లెక్క. స్కేలు, గేజు ఒకటి కాదు, చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. గేజు అంటే రెండు పట్టాల మధ్య దూరం. స్కేలు అంటే అసలు వస్తువును ఎన్నో వంతుకు తగ్గించామన్నది. మన లైను గేజు రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. దాన్ని 87వ వంతుకు తగ్గిస్తే 8.76 వస్తుంది. బజారులో 9 మిల్లీమీటర్ల పట్టాలు దొరుకుతాయి. పావు మిల్లీమీటరు తేడాని నీ కన్ను పట్టుకోలేదు. ఈ పద్ధతిని హెచ్‌ఓఈ అంటారు. బ్రిటన్ వాళ్లు అదే పట్టా మీద 76వ వంతు బొమ్మలు నడుపుతారు, దాన్ని ఓఓ9 అంటారు. రెండూ కలపకు. ఒక ఇల్లు ఇందులోంచి, ఒక మనిషి అందులోంచి కొంటే మనిషి తల గుమ్మానికి కొట్టుకుంటుంది. మన లెక్కలో అయిదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఉండాలి. అగ్గిపుల్ల మీద ఆ కొలత గీసి జేబులో పెట్టుకో, ప్రతి బొమ్మ పక్కనా పెట్టి చూసుకోవచ్చు. డార్జిలింగ్ బండి నడుపుతానంటే ఈ లెక్క పనికిరాదు, అది రెండడుగుల గేజు. ఊటీ బండి అసలు నేరోగేజే కాదు, మీటర్ గేజు. పెళ్లిళ్లలో ఈ మాట చెప్పి నేను చాలామందితో వాదించాను.

9 మిల్లీమీటర్ల పట్టాల్లోనూ రెండు రకాలున్నాయి. ఎన్ గేజ్ (పెద్ద రైళ్లనే ఇంకా చిన్నగా చేసే పద్ధతి) వాళ్లది చూడ్డానికి బ్రాడ్‌గేజ్ లైనును కుదించినట్టు ఉంటుంది, స్లీపర్లు, అంటే పట్టాల కింది అడ్డ దిమ్మెలు, సన్నగా, దగ్గర దగ్గరగా. నేరోగేజ్ కోసం చేసిన దానిలో స్లీపర్లు లావుగా, ఎడంగా, కొంచెం వంకర టింకరగా ఉంటాయి. పీకో కంపెనీ ఓఓ9 వాళ్ల కోసం చేసే ఫ్లెక్సీ ట్రాక్ (కావలసినట్టు వంచుకునే పట్టా) అలాంటిదే. కొంచెం ఖరీదైనా అదే కొను. బండి లేనప్పుడు కూడా కనిపించేది పట్టాలే.

బల్లకు మెరైన్ ప్లై వాడు, మీద ఐఎస్ 710 అని ముద్ర ఉందో లేదో చూసుకో. కింద రీపర్లతో ఫ్రేము కొట్టించు. వడ్రంగి మేకులు కొడతానంటాడు, వద్దని స్క్రూలు పెట్టించు. ప్లై మీద రెండు మిల్లీమీటర్ల కార్క్ షీటు అంటిస్తే చప్పుడు తగ్గుతుంది.

పట్టాలు వేసేటప్పుడు మాత్రం తొందర పడకు. దీనికి ఒక నెల పట్టినా పట్టనీ. చిన్నప్పుడు టెక్కలి దగ్గర గ్యాంగ్ మేట్‌ని, అంటే పట్టాల పనివాళ్ల పెద్దని చూశాను. ఆయన పట్టా పక్కన బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి దూరంగా చూసేవాడు. చెయ్యి ఊపితే అక్కడ మనుషులు గునపంతో ఎత్తేవారు. నువ్వూ అలాగే బల్ల మట్టానికి తల దించి చూడు. ఎక్కడ పట్టా మోచెయ్యిలా వంగిందో అప్పుడే తెలుస్తుంది. తర్వాత ప్రతి అతుకు మీదా గోటితో నెమ్మదిగా గీసుకుంటూ వెళ్లు. గోరు తట్టుకున్న చోట చక్రమూ తట్టుకుంటుంది. సన్న ఆకురాయితో ఒక్క రెండు సార్లు రుద్దితే చాలు. అతుకుల మధ్య విజిటింగ్ కార్డు మందం ఖాళీ వదులు. నేను సంక్రాంతి సెలవుల్లో ఖాళీ లేకుండా బిగించి వేశాను, మే నెలలో పట్టా పక్కకి పాములా లేచింది.

ఇంజన్ ఇంకా కొనకు. ఒక్క ఖాళీ రైలు పెట్టె తీసుకుని చూపుడు వేలుతో తోస్తూ లైనంతా తిప్పు. పాయింట్ల (బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లే చోట్ల) మీద రెండు దిక్కులా, తిన్నగా ఒకసారి, మళ్లించి ఒకసారి. యాభై సార్లు తిప్పితే ఒక్కసారి కూడా పడిపోకూడదు. పడితే ఆ చోట పెన్సిలుతో గుర్తు పెట్టు. రెండోసారీ అక్కడే పడితే తప్పు పట్టాది, వేరే చోట పడితే తప్పు చక్రాలది. ఇది అయ్యేదాకా కంకర పొయ్యకు. ఫెవికాల్ ఆరాక పట్టాను పీకడమంటే ఎంత నరకమో నాకు తెలుసు.

పాయింట్లు మూడు చాలు. రెండింటితో ఇంజన్ బండి చుట్టూ తిరిగి రెండో చివరకు వస్తుంది, మూడోది గూడ్సు పెట్టెలు నిలిపే పక్క లైనుకి, అంటే సైడింగుకి. వాటిని మార్చడానికి మోటార్లు పెట్టకు. పాత సైకిల్ చువ్వ ఒకటి బల్ల కింద నుంచి తీసి అంచు దగ్గర చిన్న ఉంగరం చెయ్యి, లాగితే మారుతుంది, తోస్తే మారుతుంది. మా పాయింట్స్‌మన్ చేసినట్టే ఉంటుంది కూడా.

కరెంటు గురించి ఒక్కటే గట్టిగా చెబుతున్నాను. ఇంటి కరెంటుని నువ్వు తాకొద్దు. తయారుగా దొరికే 12 వోల్టుల డీసీ అడాప్టరు, దానికి ఒక కంట్రోలరు, అంతే. డీసీసీ అని డిజిటల్ పద్ధతి ఉంది, ఒకే లైను మీద నాలుగు ఇంజన్లు నడిపేవాళ్లకు బాగుంటుంది. నీకు ఒక ఇంజన్, ఒక స్టేషను. ప్రతి పట్టా ముక్కకు విడిగా ఒక సన్న తీగ సోల్డర్ చేసి కిందకు దింపు, బల్ల కింద ఎరుపు, నలుపు లావు తీగలకు కలుపు. అతుకుల్లోంచి కరెంటు పోతుందిలే అని వదిలేస్తే రెండేళ్లకు బండి మూడు చోట్ల ఆగిపోతుంది, ఎక్కడన్నది కనుక్కోవడానికి ఒక వేసవి పోతుంది.

మన పీఎల్ (పర్లాకిమిడి లైను) ఇంజన్లకు ఆరు పెద్ద చక్రాలు, వెనక నాలుగు చిన్న చక్రాలు. అలాంటిది బొమ్మగా తయారుగా దొరకడం కష్టం. అందుకని ఎన్ గేజ్‌లో ఆరు చక్రాల చిన్న ఇంజన్ చాసిస్ (మోటారు, చక్రాలు ఉన్న కింది భాగం) ఒకటి కొని, పై తొడుగు నువ్వే చెయ్యి. హైదరాబాదులో త్రీడీ ప్రింటింగ్ చేసేవాళ్లు వీధికొకరున్నారు. నేను మాత్రం పెళ్లి శుభలేఖల అట్టతో చేశాను, అది గట్టిగా ఉంటుంది. వెనక చిన్న చక్రాలు వదులుగా తిరిగితే చాలు, వాటికి బరువు పడకూడదు. తొడుగులో ఖాళీ ఉన్న చోటల్లా సీసపు ముక్కలు కూరు, కానీ పిల్లాడి చేతికి అందనివ్వకు, ముట్టుకున్నాక చేతులు కడుక్కో. బరువు లేని ఇంజన్ కాలుజారే ముసలాయనలా ఉంటుంది. పెట్టెలకు అట్టే చాలు, మూడు పెట్టెలు మించి చెయ్యకు.

ఇక మట్టీ మొక్కలూ. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. నౌపడ అంటే ఉప్పు మడులు కదా. బల్ల చివర నాలుగు మడులు కట్టి, వాటిలో వంటింట్లోంచి తెచ్చిన అసలు ఉప్పే కుప్పలు పోశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మార్చిలో పోశాను, జూలై వచ్చేసరికి కుప్పలు నీరు కారి, పట్టాలు బిగించిన మేకులన్నీ తుప్పు పట్టాయి, పాయింటు స్ప్రింగు విరిగింది. అటువైపు పావు వంతు బల్ల కోసి పారేశాను. మీ అత్తయ్య ఇప్పటికీ పప్పులో ఉప్పు ఎక్కువైతే ఆ బల్ల మీదకే మాట తోస్తుంది. ఉప్పు కనిపించాలంటే సుద్దపొడిని ఫెవికాల్ నీళ్లతో అంటించు, మడిలో నీటికి నాలుగు పొరలు వార్నిష్ పూయి, ఒక్కో పొర ఒక్కో రోజు ఆరనివ్వు.

కొండకు థర్మకోల్ వాడితే ఫెవికాలే వాడు. చెప్పులు అంటించే జిగురు పూస్తే థర్మకోల్ కరిగి గుంటలు పడుతుంది. కంకరకు కొలత ఒక వంతు ఫెవికాల్, నాలుగు వంతుల నీళ్లు, దానిలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. ఆ చుక్క లేకపోతే జిగురు కంకరలోకి దిగకుండా ముత్యంలా పైనే దొర్లుతుంది. సిరంజితో పొయ్యి. తాటిచెట్లు తప్పకుండా పెట్టు, కాకపోతే గుంపుగా కాదు, గట్టు మీద వరసగా నాలుగో అయిదో. వెనక అట్ట మీద కొండలు గీస్తే లేత నీలం, బూడిద కలిపి గియ్యి. పచ్చరంగు వేశావంటే కొండ వచ్చి స్టేషను మీద కూర్చుంటుంది.

బండిని నెమ్మదిగా నడుపు. మన బండి గంటకు ఇరవై కిలోమీటర్లు పోయేదనుకో. ఆ లెక్కన నీ బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లడానికి పంతొమ్మిది సెకన్లు పట్టాలి. వాచీ పెట్టి చూడు, చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది. పిల్లలు వేగంగా పొమ్మంటారు, రెండు రోజులు వాళ్ల ముచ్చట తీర్చు, తర్వాత స్టేషన్లో ఆపడం, పెట్టెలు మార్చడం నేర్పు. గూడ్సు పెట్టెను సైడింగులో వదిలి, ఇంజన్‌ని చుట్టూ తిప్పి రెండో చివరకు కట్టడానికి పది నిమిషాలు పడుతుంది. నేను రోజూ సాయంత్రం ఆ ఒక్క పనే చేస్తాను.

బల్లను వంటింటికి దూరంగా పెట్టుకో. తిరగమోత పొగ పట్టాల మీద జిడ్డుగా పేరుకుంటుంది, అగరుబత్తి పొగ కూడా అంతే. వారానికోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గుడ్డ ముంచి తుడువు, గరుకు కాగితం మాత్రం వాడకు. దుమ్ము పడకుండా పాత నేత చీర కప్పకు, నూలు పోగులు ఇరుసులకు చుట్టుకుంటాయి. ప్లాస్టిక్ షీటు కప్పు.

2004లో ఆ చిన్న బండి ఆపేశారు. 2011 నుంచి అదే దారిలో బ్రాడ్‌గేజ్ బండి నడుస్తోంది. నేను ఒకసారి ఎక్కాను, బాగానే ఉంది, త్వరగా తీసుకెళ్లింది. పాత పెట్టెల ఫొటోలు మూడు నా దగ్గరున్నాయి, కొలతలు తీసుకోవడానికి పనికొస్తాయని స్కాన్ చేయించాను. రెండు మసకగా ఉన్నాయి, కిటికీల లెక్క మూడో దాంట్లో చూసుకో.

వచ్చే వారం మీ అమ్మ అక్కడికి వస్తోంది కదా, ఫొటోలతో పాటు డబ్బా నిండా ఎర్రమట్టి కూడా పంపిస్తున్నాను. టెక్కలి వైపు వెళ్లినప్పుడు తెచ్చినది. టీ వడకట్టుతో ఒకసారి జల్లించి, పురుగు లేకుండా బాణలిలో వేయించాను. అయస్కాంతం మాత్రం తిప్పలేదు. వాడే ముందు కాగితం మీద పలచగా పరిచి, రెండు మూడు సార్లు అయస్కాంతం తిప్పు. మన మట్టిలో ఇనపరజను ఉంటుంది, అది మోటారులోకి పోతే ఇంజన్ పాడైపోతుంది.

మీ మామయ్య