పెద్దవారు పెరిగితే ప్రయాణ రంగానికి గిరాకీ తగ్గుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. టూరిజంలో బీబీఏ చేస్తానంటోంది. మా వీధిలో చూస్తే పిల్లలందరూ బయటే ఉన్నారు, ఇళ్లలో మిగిలింది పెద్దవాళ్లే. ఇలా ముసలివాళ్లు ఎక్కువయ్యే కొద్దీ ప్రయాణాలకు ఖర్చుపెట్టేవారు తగ్గిపోరా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ సందేహం సహేతుకమైనదే. 2011 జనగణన నాటికి దేశ జనాభాలో 60 దాటినవారు 8.6 శాతం కాగా, 2036 నాటికి వారు సుమారు 15 శాతానికి చేరతారని అధికారిక అంచనా. దక్షిణాదిన జననాల రేటు ముందుగానే పడిపోయింది కనుక ఈ మార్పు మన దగ్గర మరింత త్వరగా కనిపిస్తోంది. అయితే అలాంటి ఇళ్లలో తగ్గే ప్రయాణ ఖర్చు ఒకటి, పెరిగేది మరొకటి.

ఉద్యోగ విరమణతో రోజువారీ పెట్రోలు, బస్‌పాసు ఖర్చులు ఆగిపోతాయి. ఆసుపత్రికి ఆటో, తోడు వచ్చేవారి టికెట్టు, తీర్థయాత్రలు, పిల్లలు విదేశాల్లో ఉంటే విమానచార్జీలు, వయసుతో పాటు పెరిగే ప్రయాణ బీమా ప్రీమియం కొత్తగా వచ్చి చేరతాయి. రైళ్లలో 60 నిండిన పురుషులకు 40 శాతం, 58 నిండిన స్త్రీలకు 50 శాతం చొప్పున ఉండిన రాయితీ 2020 మార్చిలో ఆగిపోవడంతో దూరప్రయాణాల భారం పెరిగింది. పింఛను లేని ఇళ్లలో ఈ భారం పిల్లల మీదే పడుతుంది కనుక, ప్రయాణించేవారు ఒకరు, డబ్బు కట్టేవారు మరొకరు అవుతున్నారు.

ముప్పైమంది పెద్దవారిని కాశీకి తీసుకువెళ్లే నిర్వాహకుడిని ఒకసారి గమనించండి. అక్కడ తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని సంకల్పించి వచ్చినవారికి ఆయన ముందుగా చూడవలసినవి కింది బెర్తు, మెట్లెక్కనవసరం లేని గది, వెస్టర్న్ టాయిలెట్, షుగరున్నవారికి వేళ తప్పని టిఫిను, ఘాట్ మెట్ల మీద చేయి పట్టుకుని దింపే ఒక కుర్రవాడు. గుడి ముందు గాజులకు అరగంట బేరమాడే ఇల్లాలు కూడా ఈ సదుపాయాలకు అడిగినంతా మారుమాట లేకుండా ఇస్తుంది. పైగా వీరికి బడి సెలవులతో పని లేదు కాబట్టి, గదులు ఖాళీగా ఉండే నెలల్లోనూ వస్తారు. వ్యాపారానికి అది చిన్న లాభం కాదు. ఒక హద్దు మాత్రం ఉంది: డెబ్బై అయిదు దాటాక చాలామంది ప్రయాణాలు ఆసుపత్రికీ దగ్గరి బంధువుల ఇళ్లకే పరిమితమవుతాయి.

కాబట్టి అమ్మాయిని ఆపవద్దు. నెల్లూరులో ఐఐటీటీఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూరిజం అండ్ ట్రావెల్ మేనేజ్‌మెంట్), హైదరాబాదులో నిథమ్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూరిజం అండ్ హాస్పిటాలిటీ మేనేజ్‌మెంట్) ఈ రంగానికే ప్రత్యేకించిన సంస్థలు. ముందు వాటిని పరిశీలించండి. డిగ్రీతో పాటు హిందీ, ప్రథమ చికిత్స, బీమా క్లెయిముల వ్యవహారం కూడా నేర్చుకోమనండి. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువగానే ఉంటుంది, ఆ మాట ఇప్పుడే చెప్పుకోవడం మంచిది. పరీక్షలు ముగిశాక, సీటు తీసుకునేలోపు, ఇంట్లో నానమ్మనో అమ్మమ్మనో వెంటబెట్టి ఆమెను ఒక యాత్రాబస్సు ఎక్కించండి. తిరిగి వచ్చాక కూడా ఇదే చదువుతానంటే ఫీజు కట్టండి.