ప్రో వేస్తే స్పీడు పెరుగుతుందా?

గాజువాక నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని: ద్వారకానగర్‌లో ల్యాప్‌టాప్ కొన్నాం. ‘విండోస్ 11 హోమ్ సింగిల్ లాంగ్వేజ్, ఆఫీస్ హోమ్ 2024, మైక్రోసాఫ్ట్ 365 బేసిక్ ఒక ఏడాది’ అని డబ్బా మీద ఉంది. ఇంకో పదిహేను వందలిస్తే విండోస్ ప్రో వేస్తాం, స్పీడు పెరుగుతుంది అంటున్నారు షాపువాళ్లు. వేయించుకోవాలా?

అక్కర్లేదమ్మా. హోమ్, ప్రో రెండింట్లోనూ అసలు విండోస్ ఒకటే, స్పీడులో తేడా రాదు. ప్రోలో అదనంగా ఉండేవి గ్రూప్ పాలసీ (కంప్యూటర్‌కి నిబంధనలు పెట్టే సాధనం), హైపర్-వి (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్ నడిపే వీలు), ఆఫీసు డొమైన్‌లో, అంటే సంస్థ నెట్‌వర్క్‌లో, చేరే వీలు, బిట్‌లాకర్ (డిస్కుకి తాళం) పూర్తి సెట్టింగుల వంటివి. డిగ్రీ చదువుకి వీటితో పని పడేది తక్కువ.

సింగిల్ లాంగ్వేజ్ అంటే మెనూలు ఒక్క భాషలోనే కనిపిస్తాయని. తెలుగు టైపింగ్‌కి అది అడ్డు కాదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్ తెరిచి తెలుగు చేర్చండి. ‘మీ లైసెన్సుకి ఒక్క డిస్‌ప్లే భాషే’ అన్న హెచ్చరిక వచ్చినా కంగారు పడకండి, కీబోర్డు వచ్చేస్తుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

మీరు అసలు జాగ్రత్త పడాల్సింది ఆఫీస్ విషయంలో. వర్డ్ మొదటిసారి తెరవగానే మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. అక్కడ మీ సొంత ఈమెయిలే ఇవ్వండి. షాపు కుర్రాడు తన అకౌంట్‌తో కానిచ్చేస్తే ఆ ఆఫీస్ లైసెన్సు అతని అకౌంట్‌కే అతుక్కుపోతుంది, రేపు ఫార్మాట్ చేస్తే మీ చేతికి రాదు. విండోస్ యాక్టివేట్ అయిన 180 రోజుల్లోపు ఈ పని ముగించాలి, దాటితే ఆ ఆఫర్ పోయినట్టే.

ఏడాది తర్వాత ‘సబ్‌స్క్రిప్షన్ అయిపోతోంది’ అని వచ్చేది 365 బేసిక్ గురించి మాత్రమే. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ మీ దగ్గరే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్ వన్‌డ్రైవ్ మాత్రం 100 జీబీ నుంచి 5 జీబీకి పడిపోతుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ బ్యాకప్ అక్కడికే వెళ్తుంటే కొత్త ఫైళ్లు ఎక్కడం ఆగిపోతుంది. ఆలోపే ప్రాజెక్టు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

మద్దిలపాలెం నుంచి ఒక అకౌంటెంట్: ఆఫీసు కంప్యూటర్‌ని ఇంటి నుంచి తెరవాలి. రెండింట్లోనూ హోమే ఉంది.

మీ ఇంటి హోమ్‌తో ఇబ్బంది లేదు. విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ వాడాలంటే తెరవబోయే ఆఫీసు కంప్యూటర్‌లోనే ప్రో ఉండాలి, అది ఒక్కటి మారిస్తే చాలు. యజమాని ఒప్పుకుంటే గూగుల్ వాళ్ల క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌తో ప్రో అక్కర్లేకుండా, ఖర్చు లేకుండా అయిపోతుంది. ప్రోకే వెళ్లాలనుకుంటే సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్‌లోంచి స్టోర్‌లో కొనండి, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

విండోస్ యాక్టివేట్ చేసేందుకు మరీ చవగ్గా వచ్చే ‘కీ’లు కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే ఇలా చూడండి: కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్, ఎల్, ఎం, జి, ఆర్ ఇంగ్లిష్ అక్షరాలు, ఒక స్పేస్, స్లాష్ (/), ఆ వెంటనే డి, ఎల్, ఐ కొట్టి ఎంటర్ నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో డిస్క్రిప్షన్ వరుస చివర ‘ఓఈఎం’ (కంప్యూటర్ కంపెనీ వేసి ఇచ్చినది) లేదా ‘రిటైల్’ (విడిగా కొన్నది) ఉంటే మామూలే. ‘వాల్యూమ్’ అని ఉంటే అది సంస్థలకి ఇచ్చే లైసెన్సు, ఒక్క మనిషికి విడిగా అమ్మేది కాదు. దాంట్లో కేఎంఎస్ రకమైతే 180 రోజుల్లోపు ఆ సంస్థ సర్వర్ దగ్గర మళ్లీ రెన్యువల్ కావాలి. కాకపోతే ‘యాక్టివేట్ విండోస్’ అని తెర మూల తేలుతుంది. బిల్లు ఉంటే షాపుకి వెళ్లి డబ్బు వెనక్కి అడగండి.