ఆడంగి అన్నా, స్వలింగ సంపర్కుడు అన్నా ఒకటేనా?

సందేహం: కావలి దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేస్తున్నాను. మా ఐదో తరగతిలో ఒక పిల్లకాయ ఎప్పుడూ ఆడపిల్లల జట్టులోనే ఉంటాడు. అచ్చనగాయలు ఆడతాడు, ముగ్గులు వేస్తాడు, గోలీల జోలికి పోడు. తోటి పిల్లకాయలు ‘ఆడంగి’ అని ఏడిపిస్తారు. స్టాఫ్ రూములో ఒక మాస్టారు “వీడు పెద్దయితే స్వలింగ సంపర్కుడే” అన్నారు. ఈ రెండు మాటలకూ అర్థం ఒకటేనా? పత్రికల్లో లైంగిక అభిరుచి, ప్రవృత్తి, ధోరణి అని ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తున్నారు, ఏది సరైనది? ప్రోగ్రెస్ రిపోర్టులో ‘నడవడి’ అన్న చోట ‘ఆడ లక్షణాలు ఉన్నవి’ అని రాయమంటున్నారు. రాయవచ్చా?

సమాధానం: రెండూ ఒకటి కాదండీ. మనిషి నడక, మాట, ఆట చూసి పెట్టిన పేరు ‘ఆడంగి’. ‘స్వలింగ సంపర్కం’ ఒక పనికి పేరు. మీ మాస్టారు చెప్పదలచుకున్నది ఈ రెండూ కాని మూడో విషయం, అంటే పెద్దయ్యాక ఆ మనసు ఎవరి వైపు పోతుందన్నది. దానికి తెలుగులో అందరూ ఒప్పుకున్న మాట ఇంకా కుదురుకోలేదు. అందుకే ఉన్న రెండు మాటల్నీ దానికి తగిలించి వాడేస్తున్నాం.

ముందు ఆడంగి సంగతి. “ఆడంగులంతా వంటింట్లో ఉన్నారు” అని పెద్దవాళ్లంటే ఆడవాళ్లంతా అని అర్థం. అందులో తిట్టేమీ లేదు. అదే మాటను ఏకవచనం చేసి మగవాడికి తగిలిస్తే తిట్టయింది. ఇటు ఆడపిల్లను చూడండి. చెట్లెక్కి, బొంగరాలాడి, తమ్ముళ్లను తరిమి కొట్టే పిల్లను ‘మగరాయుడు’ అంటాం. రాయుడంటే రాజు. అమ్మమ్మ ఆ మాట విసుక్కుంటూనే అంటుంది గానీ, ఆ విసుగులో కాస్త మురిపెం ఉంటుంది. మగపిల్లవాడిలా తిరిగే పిల్లకు రాజు పేరు పెట్టి, ఆడపిల్లలా ఆడుకునే పిల్లకాయకు తిట్టు పెట్టాం. ఆడతనం తక్కువదన్న మన లెక్క ఈ రెండు మాటల్లో అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది. తెలుగు చదువుకున్నవాడిగా నాకు ఇది బాధగా ఉంటుంది.

దీనికంటే పాత మాట ‘పేడి’, అంటే ఆడా మగా కాని మనిషి. తమిళంలోనూ పేడి ఉంది. కన్నడంలో పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు, పేడి హేడి అయింది. అక్కడ ఇప్పుడు దానికి అర్థం పిరికివాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు పేడే. ఆ కథను తెలుగు చేసిన తిక్కన మన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు, భారతాన్ని విరాటపర్వంతోనే మొదలుపెట్టాడు. పేడిని సారథిగా పెట్టుకుని యుద్ధానికి పోయిన కొడుకు బతికి రాడేమోనని విరాటరాజు బెంగపడతాడు. కంకుడి వేషంలో ఉన్న ధర్మరాజు మాత్రం బృహన్నల తోడుండగా భయమేమిటంటాడు. గెలుపు ఎవరిదో మీకు తెలుసు. ఆ కథ వచ్చిన ఇన్ని వందల ఏళ్లకు కూడా కన్నడంలో ఆ మాట పిరికివాడి దగ్గర ఆగిపోయింది. ‘కొజ్జా’ కూడా ఇలాంటిదే. పారశీకంలో ఖ్వాజా అంటే గౌరవవాచకం. మొగలు దర్బారులో అంతఃపురం చూసుకునే నపుంసక అధికారులను ఖ్వాజాసరా అనేవారు. మన దగ్గరికి వచ్చేసరికి అది బజారులో విసిరే మాట అయింది. దయచేసి ఎవరినీ ఆ మాటతో పిలవకండి.

ఈ పాత మాటలన్నీ రూపాన్ని, నడతను చెబుతాయే గానీ మనసు ఎవరి మీద ఉందో ఒక్కటీ చెప్పదు. బృహన్నల ఎవరిని ప్రేమిస్తున్నాడన్న ప్రశ్నే ఆ కథలో లేదు. మన దగ్గరే ఇలా జరిగిందని కూడా అనుకోవద్దు. పాత రోములో కూడా కలిసింది ఆడతోనా మగతోనా అన్నది పెద్ద విషయం కాదు. ఎవరిది పైచేయి అన్నదాన్ని బట్టి లాటిన్‌లో మాటలుండేవి. మనసు మొగ్గును బట్టి మనుషులకు పేరు పెట్టడం ఈమధ్యకాలపు అలవాటు. 1868లో హంగరీ రచయిత కెర్ట్‌బెనీ జర్మన్ భాషలో ‘హోమోసెక్సువల్’ అనే మాటను ఒక ఉత్తరంలో రాశాడు, మరుసటి ఏడు అచ్చులోకి తెచ్చాడు. మగవాళ్ల మధ్య సంబంధానికి ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో శిక్ష వేసే చట్టం తప్పని వాదించడానికి రాసిన కరపత్రం అది. మనుషుల తరఫున మాట్లాడటానికి పుట్టిన ఆ మాటను తర్వాత వైద్యులు తీసుకుని రోగాల పట్టీలో చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆ పట్టీలోంచి తీసేసింది 1990 మే 17న. ఇంగ్లీషు గుండా మన దాకా వచ్చినప్పుడు మనం దాన్ని ‘స్వలింగ సంపర్కం’ అని తెలుగు చేసుకున్నాం.

నా అభ్యంతరం ఆ ‘సంపర్కం’ మీదే. అసలు సంపర్కమంటే తగలడం, కలవడం. పాతకాలంలో సజ్జన సంపర్కం అన్నా తప్పు లేదు. ఇవాళ ఆ మాట వింటే పడకే గుర్తొస్తుంది. భార్యాభర్తలను ‘భిన్నలింగ సంపర్కులు’ అని ఎవరమైనా పరిచయం చేస్తామా? ఒక మనిషి జన్మలో ఎవరినీ తాకకపోయినా మనసులో ఆ ఇష్టం ఉండవచ్చు. అలాంటి మనిషిని ఒక పని పేరుతో పిలవడం తప్పు. పదేళ్ల పిల్లవాడి మీద ఆ మాట పడటం మరీ తప్పు.

మరి ఏమనాలి? అభిరుచి అంటే కాఫీయా టీయా అన్నట్టు ఎంచుకునేదిలా వినిపిస్తుంది. “వృత్తి టీచరు, ప్రవృత్తి కవిత్వం” అని రోజూ అంటున్నాం కాబట్టి ప్రవృత్తి అన్నా సరదాగా చేసే పనిలా తోస్తుంది. “ఆయన ధోరణి ఆయనదే” అన్నప్పుడు వినిపించే మొండితనం ధోరణికి అంటుకుని ఉంది. వాడుకలోకి వచ్చింది కాబట్టి ‘లైంగిక ధోరణి’ని తప్పని కొట్టేయను. నా మటుకు నేను ‘ఆకర్షణ’ అని రాస్తాను. మనం ఎంచుకుంటే వచ్చేది కాదు, దానంతట అది లాగుతుందన్న అర్థం అందులోనే ఉంది. స్వలింగ ఆకర్షణ అనండి, స్వలింగ ప్రేమికులు అనండి, రెండూ తెలుగు చెవికి ఇబ్బంది లేనివే. గే, లెస్బియన్ అని తమను తాము చెప్పుకునేవాళ్లను అలాగే అనండి. ‘గేలు’ అని బహువచనం మాత్రం చేయకండి, గేలి పక్కనే కూర్చుంటుంది. ‘గే వ్యక్తులు’ అంటే చాలు. ట్రాన్స్‌జెండర్ అన్నది వేరే సంగతి. ఒక మనిషి తాను ఆడా మగా అన్నది తనకు తాను ఏమనుకుంటారో చెప్పే మాట అది.

‘ప్రకృతి విరుద్ధం’ అనే మాటను కూడా విలేఖరులు వదిలేస్తే బాగుంటుంది. అది 1860లో తెల్లవాళ్లు రాసిన శిక్షాస్మృతి 377వ సెక్షన్ నుంచి వచ్చింది. పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి ఉండటం ఆ సెక్షన్ కింద నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. వాత్స్యాయనుడి కామసూత్రాల్లో అయితే ‘తృతీయా ప్రకృతి’ అనే మాటే ఉంది. మన పాతకాలమంతా ఉదారమైనదని నేననను, ధర్మశాస్త్రాల్లో ప్రాయశ్చిత్తాలూ రాసి ఉన్నాయి. అయినా ఆయన దాన్ని ప్రకృతుల్లో ఒకటిగా లెక్కించాడన్నది గమనించాలి.

ఇక మీ మాస్టారి జోస్యం. చిన్నతనపు ఆటలకూ పెద్దయ్యాక కలిగే ఆకర్షణకూ కొంత సంబంధం ఉన్నమాట నిజమే. అమెరికా, బ్రెజిల్, గ్వాటెమాలా, ఫిలిప్పీన్స్ దేశాల్లో గే మగవాళ్లను ఫ్రెడరిక్ విటమ్ అనే సామాజిక శాస్త్రవేత్త ప్రశ్నించాడు. చిన్నప్పుడు ఆడపిల్లల ఆటలే ఇష్టంగా ఉండేవని ఆ నాలుగు చోట్లా చాలామంది చెప్పారు. బ్రిటన్‌లో వేలమంది పిల్లలను వెంబడించి చూసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. మూడున్నరేళ్ల వయసులో ఆటల్లో కనిపించిన తేడాకూ పదిహేనేళ్లప్పుడు వాళ్లు చెప్పిన ఆకర్షణకూ పొంతన ఉందని అందులో తేలింది. సమోవా దీవుల్లో ఇలాంటి మగపిల్లలకు ‘ఫాఫాఫీనే’ అని పేరు. ‘ఆడవాళ్ల తీరున’ అని ఆ మాటకు అర్థం. అచ్చం మన ఆడంగి లాంటి మాటే, కానీ అక్కడ అది సమాజంలో చోటున్నవాళ్ల పేరు. అయితే ఇవన్నీ గుంపు మీద వేసిన లెక్కలు. ఒక్క పిల్లవాడిని చూపించి వీడు ఇలాగే అవుతాడని వాటితో చెప్పలేం. అచ్చనగాయలాడినవాళ్లలో ఆడవాళ్లనే ప్రేమించినవాళ్లున్నారు, గోలీలు కొట్టినవాళ్లలో గే వ్యక్తులున్నారు. ఆటలు మాన్పించినంత మాత్రాన ఆకర్షణ మారదు. పెంపకం వల్లో స్నేహం వల్లో అది వస్తుందనడానికీ గట్టి ఆధారం లేదు.

నేను కందుకూరులో ఎనిమిది చదివేటప్పుడు నా పక్క బెంచీలో ఇలాంటివాడు ఒకడుండేవాడు. గొబ్బెమ్మల చుట్టూ వాడు వేసే మెలిక ముగ్గు చూడటానికి వీధంతా వచ్చేది. బళ్లో అందరం ఆడంగి అనేవాళ్లం, నేనూ అన్నాను. దసరా సెలవుల తర్వాత వాడు మళ్లీ బడికి రాలేదు. ఆ మాటకు వ్యుత్పత్తి వెతుక్కుంటూ కూర్చున్నప్పుడల్లా నాకు వాడి ముగ్గే కళ్ల ముందుకొస్తుంది.

ప్రోగ్రెస్ రిపోర్టులో ‘ఆడ లక్షణాలు’ అని రాయవద్దు. నడవడి అంటే ప్రవర్తన, మనుషులతో మెలిగే తీరు. ఆ గడిలో ఈ మాటకు చోటు లేదు. “అందరితో స్నేహంగా ఉంటాడు. ముగ్గులు చక్కగా వేస్తాడు. అచ్చనగాయల్లో చేయి తిరిగినవాడు” అని రాసి సంతకం పెట్టండి.